సామ్రాజ్యం పిన్ని పడుకోబెట్టిన జనుము

జనుము కాండం చిట్లినప్పుడు ఒక వాసన వస్తుంది. పచ్చి చిక్కుడుకాయ నలిపితే వచ్చే వాసనకి దగ్గరగా ఉంటుంది, వగరు ఇంకొంచెం ఎక్కువ. ఈ ఉదయం మా చేలో జనుముని పడుకోబెట్టడానికి దాని మీద తాటిమొద్దు లాగిస్తుంటే ఆ వాసన గట్టు మీద నిలబడ్డ నా దాకా వచ్చింది. ఏడేళ్ళుగా ఏటా ఇదే పని చేస్తున్నాను, అయినా ఆ వాసన తగిలితే చాలు, మొదటి ఏడాది పడ్డ భయం మొత్తం మళ్ళీ వచ్చి గుండె మీద కూర్చుంటుంది. మొక్కజొన్న గింజ ఇంకా వేయలేదు, మబ్బు ఎటు తిరుగుతుందో తెలీదు, మనిషెత్తు పెరిగిన పచ్చటి పైరంతా నేలకి ఒరిగిపోయి ఉంది. తెలిసి చేసుకున్న పనే అయినా తెలియకుండా జరిగిపోయిన నష్టంలా కనిపిస్తుంది. అలాంటప్పుడు నా పక్కన నిలబడి, కొంగు నడుముకి దోపుకుని, "ఏమే, అట్లా బిగుసుకుపోయావు? పడింది జనుమే, నువ్వు కాదు" అనే మనిషి ఒకావిడ ఉండేది. ఆవిడ పేరు సామ్రాజ్యం. నేను పిన్నీ అని పిలిచేదాన్ని.

నాకు సంతకం పెట్టడం, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కోవడం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా అమ్మాయి సుజాత రాస్తోంది. పిన్నిని చూడనివాళ్ళకి ఆవిడ సంగతి తెలియాలని చెబుతున్నాను. ఆవిడ నాకు చుట్టం కాదు. మా ఊరి కలుపు ముఠాకి మేస్త్రి. అంటే పదిహేనుమంది ఆడవాళ్ళని పోగుచేసి, ఏ రోజు ఎవరి చేలోకి వెళ్ళాలో చెప్పి, రైతుతో మాట్లాడి, తను కూడా వాళ్ళతో సమానంగా వంగి కలుపు తీసే మనిషి. పొట్టిగా, గట్టిగా ఉండేది. కుడిచేతి చూపుడువేలి గోరు ఎప్పుడో కొడవలి తగిలి చీలిపోయి, అప్పటినుంచీ రెండు ముక్కలుగానే పెరిగేది. ఆ చీలిక గోటితో గడ్డి మొదలు గిల్లి, ఇది ఊద, ఇది తుంగ, ఇది వరి అని పేరు పెట్టి పిలిచేది. రెండాకుల వయసులో ఊదకీ వరికీ తేడా మా ఊళ్ళో చాలామంది మగవాళ్ళకి తెలీదు. ఆవిడకి నడుస్తూనే తెలిసేది.

మా ఊరు చల్లపల్లి దాటి అవనిగడ్డ వెళ్ళే రోడ్డుకి లోపలగా ఉంటుంది. చుట్టూ వరి పల్లం. మా ఎకరంన్నర మాత్రం రోడ్డు పక్కన మెరక, కాలవ నీళ్ళు ఎక్కవు. బోరు కింద మొక్కజొన్న వేస్తాం. దాని వెనక పల్లంలో మా బావగారి నాలుగెకరాలు. మా ఆయన ఒకరోజు పొలం నుంచి వచ్చి, గుండెల్లో నొప్పిగా ఉందని మంచం మీద కూర్చుని, మచిలీపట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే పోయారు. అప్పటిదాకా నేను చేలోకి అన్నం క్యారేజీ పట్టుకెళ్ళడం, కోతలప్పుడు కండెలు ఏరడం తప్ప ఏమీ ఎరగను. ఎప్పుడు వేయాలో, ఎప్పుడు మందు కొట్టాలో, మనుషుల్ని ఎన్ని రోజుల ముందు చెప్పి పెట్టుకోవాలో అన్నీ ఆయన తలలో ఉండేవి. ఆ తలతోనే పోయాయి.

నేను ఒక్కదాన్నే వేసిన మొదటి పంటని కలుపు తినేసింది. మొక్కజొన్న జానెడు ఎత్తుకి వచ్చేసరికి వాన పట్టింది. వాన తెరిపి ఇచ్చేసరికి ముఠాలన్నీ వరి చేలల్లోకి వెళ్ళిపోయాయి. పిన్ని ఇంటి ముందు మూడుసార్లు నిలబడ్డాను. మూడోసారి ఆవిడే బయటికి వచ్చి, "అమ్మాయ్, పదిహేనుమందిని ముప్పై చేలకి ముక్కలు చేసి పంపలేను గదా" అంది. వాళ్ళు వచ్చేసరికి తుంగ మోకాలి దాకా వచ్చింది, గరిక సాళ్ళు అల్లుకుపోయింది. పీకితే గడ్డితోపాటు మొక్క వేళ్ళు కూడా పైకి లేచాయి. మామూలుగా వచ్చే పంటలో సగం రాలేదు.

అప్పుడు బావగారు మా వాకిట్లోకి వచ్చారు. ఆయన చెడ్డవారు కాదు. ఆయన అత్తవారిది నందివాడ దగ్గర, అక్కడ ఎటు చూసినా చేపల చెరువులే. తన నాలుగెకరాలు కూడా చెరువుకి లీజుకి ఇవ్వాలని ఆయనకి ఎప్పటినుంచో ఉంది. కానీ లారీలు దిగాలంటే రోడ్డు పక్కనున్న మా మెరక కావాలి. రెండూ కలిపితేనే తీసుకుంటామని లీజు పార్టీవాళ్ళు అన్నారట. అరుగు మీద కూర్చుని కండువాతో మొహం తుడుచుకుంటూ అడిగారు.

"అమ్మా నాగమణీ, తప్పుగా అనుకోకు. ఆడదానివి, కూలీలు దొరకరు, కలుపుతో నువ్వేం పడతావు? చెరువైతే ఇంట్లో కూర్చుని తినొచ్చు."

"తవ్వేశాక మళ్ళీ చేను అవుతుందా బావగారూ?" అన్నాను.

ఆయన కండువా మడిచి భుజాన వేసుకున్నారు. తర్వాత, "ఇంకొక్క పంట చూడు. డిసెంబరులో వాళ్ళకి మాట చెప్పాలి. అప్పటికి చేను కలుపు లేకుండా ఉందా, నీ ఇష్టం. లేదంటే నా మాట విను" అన్నారు. సరే అన్నాను. అన్నాక ఆ రోజంతా నాకు అన్నం సహించలేదు. కలుపు లేకుండా చేను పెట్టడం నా చేతిలో ఉన్న పని కాదని నాకు తెలుసు.

వారం తిరక్కుండా పిన్ని మా ఇంటికి వచ్చింది. గడప మీద కూర్చుని మోకాళ్ళు రుద్దుకుంటూ మంచినీళ్ళు అడిగింది. చెరువు సంగతి ఊరంతా తెలిసిపోయింది కాబట్టి నేనేం చెప్పక్కర్లేకపోయింది.

"ఈసారి కలుపుకి నన్ను పిలవబాకు" అంది.

నాకు కళ్ళంట నీళ్ళొచ్చాయి. "నువ్వు కూడా రానంటే ఎట్లా పిన్నీ?"

"పిల్లకి చెవులున్నాయి గానీ మాట ఎక్కదు. రాననలేదే. పిలవాల్సిన పని లేకుండా చేసుకోమంటన్నా."

అప్పుడు చెప్పింది. వయసులో ఉన్నప్పుడు ఆవిడ నాలుగేళ్ళు ఒక గవర్నమెంటు ఫారంలో కలుపు కూలికి వెళ్ళింది. అక్కడ చిన్న చిన్న మడులు కట్టి రకరకాలుగా పండించి చూసేవారు. ఆఫీసర్లు ఏం రాసుకునేవారో ఆవిడకి తెలీదు. కానీ వారానికోసారి వీళ్ళని ఏ మడిలోకి దిగమనేవారో, ఏ మడిలోకి వద్దనేవారో గుర్తుపెట్టుకుంది. "ఒక మడి ఉండేది. అందులో ముందు జనుము చల్లి, పూతకి రాగానే దున్నకుండా పడుకోబెట్టేవాళ్ళు. ఆ పడుకున్న జనుము సందుల్లో మొక్కజొన్న గింజ పొడిచేవాళ్ళు. నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా మమ్మల్ని ఆ మడిలోకి పిలవలేదు. మాకు పని లేని మడి అదొక్కటే. అందుకే కళ్ళల్లో ఉండిపోయింది."

"మరి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదేం?"

"చెప్పి నా ముఠా పొట్ట నేనే కొట్టుకోనా?" అని నవ్వింది. నవ్వు ఆగిపోయాక తన మోకాళ్ళ వైపు చూసుకుని, "ఇంక వంగలేనులే" అంది.

ఆగస్టులో, ఆశ్లేష కార్తెలో జనుము చల్లాం. ఒత్తుగా చల్లమని పక్కనే నిలబడి చూసింది. పలచగా వేస్తే కాండం కట్టెలా లావెక్కుతుంది, ఒరగదు, నేల కప్పదు. ఒత్తుగా వేస్తే సన్నగా, పొడుగ్గా, ఒకదాన్నొకటి ఆనుకుని లేస్తుంది. లేచింది. నెల తిరిగేసరికి నా భుజం దాటింది. అక్కడినుంచి నాకు నిద్ర తగ్గిపోయింది. హస్త కార్తె వచ్చింది, సముద్రంలో వాయుగుండం అని టీవీలో రోజూ చెబుతున్నారు. ఆ వాన పడితే చేలోకి ఎవరూ దిగలేరు, జనుము ముదిరి కట్టె అయిపోతుంది, మొక్కజొన్నకి అదును దాటిపోతుంది. రోజూ పొద్దున్నే వెళ్ళి, "పిన్నీ, ఇవాళ పడుకోబెట్టేద్దామా?" అనేదాన్ని. ఆవిడ ఒక కొమ్మ వంచి, కొస గిల్లి, మొగ్గ చూసేది.

"పువ్వు రాలేదు. ఇప్పుడు వంచితే రేపటికి మెడ ఎత్తుద్ది."

"వానొస్తే?"

"వస్తే తడుస్తాం. ముందే వంచితే రెండో పైరు మీద పెత్తనం చేసేది ఈ జనుమే. నువ్వు వేసిందే నీకు కలుపవుద్ది. కావాలా?"

అలా పదకొండు రోజులు ఆపింది. ఆ పదకొండు రోజులూ నేను ఆకాశం చూస్తూ వంట మాడబెట్టాను. చివరికి, ఆ వాన పడకముందే, ఒకరోజు చేను మీద అక్కడక్కడా పసుపు చుక్కలు కనిపించాయి. ఆ మర్నాడే తాటిమొద్దుకి రెండు వైపులా మోకులు కట్టించి, అద్దె ట్రాక్టరు వెనక తగిలించింది. మొద్దు మీద ఇనప పట్టీలు అడ్డంగా కొట్టించింది. "తెగితే వారంలో కుళ్ళిపోయి నేల బయటపడుద్ది. చిట్లాలి, తెగకూడదు. నడుం విరగాలి, ప్రాణం ఉన్నట్టే పడుకోవాలి" అని డ్రైవరుకి నాలుగుసార్లు చెప్పింది. అంతా ఒకే వైపుకి, రోడ్డు నుంచి పల్లం వైపుకి, దువ్వినట్టు పడింది.

మా వైపు చేను వాకిలి ఊడ్చినట్టు ఉండాలి. సాళ్ళ మధ్య మట్టి కనిపించాలి. అలా లేకపోతే ఆ ఇంటి ఆడదానికి ఒళ్ళు వంగదని అర్థం. అలాంటిది రోడ్డు పక్కనే ఎకరంన్నర చేను చాప చుట్టి పారేసినట్టు పడి ఉంది. సైకిళ్ళు దిగి మరీ చూశారు. "మొగుడు పోయాక మతి కూడా పోయినట్టుంది" అని ఒకాయన నాకు వినపడేలాగే అన్నాడు. పిన్ని గట్టు మీంచి, "మతి పోయింది మాకే, నీకేం పోయింది బావా? బండెక్కు, మీ ఆవిడ చూస్తంటది" అని కేకేసింది. అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

నా తప్పు మూడోరోజున జరిగింది. అప్పటికి ఇంకా గింజ పొడవలేదు. బావగారి భార్య కమల అక్క గంప పట్టుకుని వచ్చింది. వాళ్ళ గేదె ఈని వారం అయింది. వానలకి గడ్డివాము తడిసి బూజుపట్టింది, ఎక్కడా పచ్చిమేత లేదు. "నాగమణీ, ఎటూ కోసి పారేశావు గదా, దూడ తల్లికి నాలుగు మోపులు పట్టుకెళ్తానే" అంది. మా ఊళ్ళో చేలో కోసి వదిలేసిన పచ్చిమేత ఎవరైనా అడిగితే కాదనరు. ఈనిన గేదెకని అడిగితే అసలు కాదనరు. ఇది కోసి వదిలేసింది కాదు అక్కా, కావాలనే కప్పాం అని చెప్పాలి. చెప్పాలని నోరు తెరిచాను. కానీ పనికిరాని చెత్త కోసం ఈనిన గేదెకి మేత లేదన్న మనిషినవుతానని భయం వేసింది. రేపు డిసెంబరులో నా సంగతి తేల్చేది ఆవిడ భర్తే అన్న భయం దాని వెనకే ఉంది. "పట్టుకెళ్ళక్కా" అన్నాను. నాలుగు మోపులు కాస్తా రెండు బళ్ళయింది. రోడ్డు వెంబడి మూడు బారల వెడల్పున, ఆ చివర నుంచి ఈ చివరికి, నేల బయటపడింది.

పిన్ని సాయంత్రం వచ్చి చూసింది. ఆవిడ తిడుతుందని ముందే ఏడుపు మొహం పెట్టుకుని నిలబడ్డాను.

"ఎవరు?" అంది.

"కమల అక్క. గేదె ఈనింది."

"నువ్వు ఇచ్చావా, తనే తీసుకుందా?"

"ఇచ్చాను."

పిన్ని ఆ ఖాళీ నేలలోకి దిగింది. కాలి బొటనవేలితో మట్టి గీకి, "సరే. ఇక్కడ తుంగ నీ చేత్తోనే పీకుతావు. నా ముఠాని అడగబాకు" అని, రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "కాదనలేని దానివి, ఇవ్వడానికి వేరే పెట్టుకోవాలి గదటే. ఒంటి మీద చీర ఇచ్చేసి వచ్చావు."

అక్టోబరు మధ్యలో, చిత్త కార్తెలో ముఠా ఆడవాళ్ళు వచ్చి, తాడు పట్టుకుని, పదునైన కర్రలతో పడుకున్న జనుము సందుల్లో పొడిచి గింజలు వేశారు. వేస్తూ వేస్తూ ఒకమ్మాయి గొణిగింది. "మేస్త్రికి ముసలితనం వచ్చి మన పని మన చేతే చంపిస్తంది." పిన్ని నడుం నిటారుగా చేసి నిలబడింది. "కలుపు పోతే పొడవడం ఉంది, కోత ఉంది, గింజ ఒలవడం ఉంది. ఇది చెరువైపోతే ఏముంటదే? దిగి చేపలకి కలుపు తీస్తావా?" అంది. ఆ అమ్మాయి తల దించుకుని కర్ర పొడిచింది. ఆ రోజే నాకు అర్థమైంది. ఆవిడ నా మీద జాలితో మాత్రమే రాలేదు. ఒక్క చేను నీళ్ళ కిందకి పోతే పదిహేనుమందికి ఏడాదిలో ఎన్ని రోజులు పోతాయో ఆవిడకి తెలుసు. జాలి కన్నా ఆ లెక్కే నాకు ఎక్కువ ధైర్యం ఇచ్చింది. జాలి అలిసిపోతుంది.

మొలకలు జనుము లోంచి పైకి వచ్చాయి. పదిహేను రోజులకి ఆకులు పసుపెక్కాయి. నేను పరుగున పిన్ని ఇంటికి వెళ్ళాను. తింటున్న కంచం పక్కన పెట్టి వచ్చింది. మొక్క చూసి, "ఏం లేదు. కింద పుల్ల కుళ్ళాలంటే ముందు దానికి తిండి కావాలి. నేలలో ఉన్నది అది లాక్కుంటంది. తర్వాత తిరిగి ఇచ్చుద్ది. ఈ లోపు పిల్ల ఆకలికి ఏడుస్తంది" అంది. యూరియా పై నుంచి చల్లితే పుల్లలకే అంటుకుపోతుందని, చెత్త పక్కకి జరిపి ఒక్కో మొక్క మొదట్లో చిటికెడు వేసి మళ్ళీ కప్పించింది. రెండు రోజులు ఇద్దరం వంగి వేశాం. ఆవిడ మధ్యమధ్యలో కూర్చుని మోకాళ్ళు పట్టుకునేది. వద్దు పిన్నీ అంటే, "నోర్ముయ్, వెయ్యి" అనేది. వారానికి ఆకుపచ్చ తిరిగింది.

అయినా నా భయం పోలేదు. రాత్రి కురిసిన వానకి తుంగ లేచి ఉంటుందేమో, కింద ఎలుకలు చేరి ఉంటాయేమో అని తెల్లవారకముందే వెళ్ళేదాన్ని. ఎలుకలు నిజంగానే చేరాయి, బుట్టలు పెట్టి పట్టాం. ఒకరోజు పిన్ని నా చెయ్యి పట్టుకుని, అరచేతిని పడుకున్న జనుము కిందకి తోసింది.

"ఎట్లా ఉంది?"

"చల్లగా ఉంది."

"తుంగ మొలక ఏమైనా గుచ్చుకుంటందా?"

"లేదు."

"అయితే ఇంటికెళ్ళి అన్నం తిను. రేపు మళ్ళీ పెట్టి చూడు. గుచ్చుకున్న రోజు నా దగ్గరికి రా."

కానీ రోడ్డు పక్క మూడు బారల్లో చేతులు పెట్టి చూడక్కర్లేకపోయింది. అక్కడ తుంగ, ఊద, గరిక మొక్కజొన్నతో పోటీ పడి లేచాయి. పొద్దున పీకితే మూడో రోజుకి మళ్ళీ పచ్చబడేది. నా వేళ్ళు పగిలాయి. అంత చేసినా అందుకోలేకపోయాను. అసలు కష్టం ఎక్కడంటే, దారిన పోయేవాళ్ళకి కనిపించేది ఆ మూడు బారలే. దాని వెనకున్న చేను ఎవరికీ కనిపించదు.

డిసెంబరు మొదట్లో బావగారు మోటారు సైకిలు మీద వచ్చారు. వెనకాల చెరువు పార్టీ తాలూకు మనిషి ఒకాయన. బండి దిగకుండానే బావగారు ఆ గడ్డి చూశారు. మొహంలో కోపం లేదు, జాలి ఉంది.

"చెప్పాను కదమ్మా. నీ వల్ల కాదు."

కమల అక్క పేరు నోటి దాకా వచ్చింది. వాళ్ళావిడకి ఇవ్వబట్టే ఇలా అయిందని అంటే అది చాడీ అవుతుంది, అనకపోతే నా చేను పోతుంది. అలాగే నిలబడ్డాను. గట్టు అవతలినుంచి పిన్ని లేచి వచ్చింది.

"ఏం బాబూ, రోడ్డు మీంచే పెళ్ళిచూపులా? చెప్పులు విప్పి లోపలికి రండి."

"చూశానులే సామ్రాజ్యం."

"చూసింది గేదెకి పెట్టిన ముక్క. మాకు పెట్టుకున్న ముక్క లోపలుంది. రండి."

ఏ గేదె అని ఆయన అడగలేదు. ఆయనకి తెలిసే ఉంటుంది, ఆ పాలు తాగుతున్నది వాళ్ళింట్లోనే కదా. బండి స్టాండు వేసి, పంచె ఎగగట్టి మొక్కల్లోకి దిగారు. నాలుగు బారలు దాటగానే ఆయన నడక నెమ్మదించింది. కింద మట్టి కనిపించడం లేదు, గడ్డీ కనిపించడం లేదు. గోధుమరంగు చాప మీద మొక్కలు నడుం ఎత్తున నల్లగా నిలబడి ఉన్నాయి. పిన్ని ఆయనతో, "చెయ్యి పెట్టండి" అంది. పెద్దమనిషి, మొహమాటపడ్డారు. తర్వాత వంగి అరచెయ్యి కిందకి పెట్టారు. చాలాసేపు తీయలేదు. లేచాక చేతికి అంటిన తడి మట్టి వాసన చూసుకున్నారు.

"నీళ్ళు ఎప్పుడు పెట్టావమ్మా?"

"పదమూడు రోజులైంది బావగారూ."

"పదమూడు రోజులా? ఇంకా తడి ఆరలేదే!" అని పార్టీ మనిషి వైపు తిరిగి, "మీరు వేరే చోట చూసుకోండి" అన్నారు. అంతే. ఆ మాట అనడానికి ఆయనకి ఎంత కష్టమైందో తర్వాత కొన్నేళ్ళకి గానీ నాకు తలకెక్కలేదు, తన నాలుగెకరాల లీజు కూడా ఆ మాటతోనే పోయింది. ఆ క్షణం మాత్రం నేను మొక్కల మధ్యే కూలబడ్డాను. పిన్ని నా వైపు చూడకుండా, "లేవే, పైరు నలుగుద్ది" అంది.

పంట ముందటేడుకి రెట్టింపు కావడానికి నాలుగు బస్తాలే తక్కువైంది. ఆ నాలుగు బస్తాలూ రోడ్డు పక్కన పోయాయని పిన్ని తేల్చింది. అక్కడి కండెలు వేరే కుప్ప పోయించి, ఒకటి ఒలిచి నా అరచేతిలో పెట్టింది. సగం పళ్ళూడిన నోరులా ఉంది. లోపలి చేలోది ఒకటి ఒలిచి రెండో చేతిలో పెట్టింది. "ఏ చెయ్యి బరువుగా ఉందో గుర్తుపెట్టుకో" అంది.

తర్వాతి ఏడాది ఆవిడ నా చేత ఇంకో పని చేయించింది. చేను చుట్టూ గట్ల మీదా, రోడ్డు పక్క మూడు బారల్లోనూ జనుముకి బదులు పిల్లిపెసర చల్లించింది. మంచి మేత అది. అడిగినవాళ్ళకి అక్కడ కోసుకోమని చెప్పమంది. మొదట కోసుకుంది కమల అక్కే. పిన్ని చూస్తూ, "ఆవిడ గేదెకి ఆకలి తీరింది, నీకు భయం తీరింది" అంది. నాకు భయం తీరలేదు. అది ఆవిడకీ తెలుసు.

మూడేళ్ళ తర్వాత మోకాళ్ళు పూర్తిగా పట్టేసి పిన్ని మంచం మీదే ఉండిపోయింది. నేను వెళ్ళినప్పుడల్లా, "చెయ్యి పెట్టావా?" అని అడిగేది. ఎలా ఉన్నావు అనే మాటకి బదులు అదే. చివరిసారి చూసినప్పుడు మాట సరిగ్గా రాలేదు. నా చెయ్యి అందుకుని తిరగేసి, అరచేతిలో మట్టి ఉందా అని చూసింది. ఆ రోజు పొద్దున పొలం వెళ్ళలేదు, చెయ్యి శుభ్రంగా ఉంది. నాకు సిగ్గేసింది. ఆవిడ ఆ చీలిన గోటితో నా అరచేతిని రెండుసార్లు గీకి వదిలేసింది. నాలుగు రోజులకి పోయింది. ఆవిడ ముఠాలో తొమ్మిదిమంది ఇంకా పని చేస్తున్నారు. పొడుపుకీ, కోతకీ మా చేలోకి వాళ్ళే వస్తారు. ఇప్పుడు ఊళ్ళో ఇంకో ఆరుగురు రైతులు జనుము పడుకోబెడుతున్నారు.

ఇవాళ కూడా తాటిమొద్దు సాయంత్రానికి పని ముగించింది. మబ్బు తూర్పున నల్లగా ఉంది, వాన వస్తుందో రాదో తెలీదు. పిల్లిపెసర దగ్గర ఇద్దరు గంపలతో నిలబడి, "కోసుకోమంటావా వదినా?" అని అడిగారు. కోసుకోండి అన్నాను. తర్వాత లోపలికి నడిచి, ఇంకా వెచ్చగా ఉన్న పచ్చి జనుము కిందకి అరచెయ్యి తోశాను. ఏమీ గుచ్చుకోలేదు. కాసేపు అలాగే ఉంచి, చెయ్యి కడుక్కోకుండా ఇంటికి వచ్చాను.